గిటార్ పక్కన తలెత్తుకుని నిలబడే కీబోర్డ్ వాయించాలంటే: జాన్ లార్డ్ దగ్గర నేర్చుకోవాల్సినవి

రాక్ బ్యాండ్ అనగానే జనం కళ్ళు గిటార్ మీదకే పోతాయి, కీబోర్డ్ వాయించేవాళ్ళు స్టేజ్ మీద ఓ పక్కన నిలబడి స్ట్రింగ్స్ ప్యాడ్ పట్టుకుని పాట నింపుతూ ఉంటారు, ఆ నింపుడు లేకపోతే పాట బోసిపోతుంది గానీ ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ పరిస్థితి మార్చుకోవచ్చు. మార్చి చూపించిన మనిషి జాన్ లార్డ్, డీప్ పర్పుల్ బ్యాండ్‌లో ఆర్గన్ వాయించినాయన. ఆయన సౌండ్ ఎలా తెచ్చుకోవాలి, చేతులు ఎలా తయారు చేసుకోవాలి, బ్యాండ్‌లో ఎప్పుడు ముందుకు రావాలి ఎప్పుడు తగ్గాలి, ఈ పనిలో ఏళ్ళ తరబడి ఎలా నిలబడాలి, ఇవన్నీ ఇక్కడ రాస్తున్నా. ఇంట్లో ఒక మామూలు 61 కీల కీబోర్డ్ ఉండి, కార్డ్స్ కొంచెం తెలిసుంటే చాలు, మొదలుపెట్టెయ్యొచ్చు.

ముందు వినడం

చాలామంది యూట్యూబ్‌లో ట్యుటోరియల్ పెట్టుకుని నోట్స్ కాపీ కొట్టడంతో మొదలుపెడతారు, అలా వద్దు. ఒక వారం చేతులు కట్టేసుకుని వినండి, అదీ మంచి హెడ్‌ఫోన్స్‌తో. 1972లో వచ్చిన మెషీన్ హెడ్ ఆల్బమ్‌లో స్పేస్ ట్రకిన్ పాట పెట్టండి. మొదట్లో గరగరలాడుతూ వచ్చే ఆ బరువైన రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస) వినగానే గిటార్ అనుకుంటారు, కానీ అందులో ముందుండి తోసేది ఆర్గనే. అది చెవికి తెలిసే దాకా వినండి, తెలిశాక ఇంకోసారి వినండి, ఎందుకంటే ఆర్గన్ గిటార్‌తో పోటీ పడగలదన్న నమ్మకం మీకు ఆ పాటతోనే వస్తుంది. అదే ఆల్బమ్‌లో లేజీ పాట మొదలు వినండి, అక్కడ ఆర్గన్ ఒక్కటే ఉంటుంది, గొంతు బొంగురుపోయిన మనిషి మాట్లాడినట్టు మొదలై మెల్లగా జాజ్ వైపు తిరుగుతుంది.

తర్వాత 1970 నాటి డీప్ పర్పుల్ ఇన్ రాక్ ఆల్బమ్‌లో చైల్డ్ ఇన్ టైమ్. ఈ పాటకి మనకి ఒక చిన్న సంబంధం ఉంది, మొదట్లో వచ్చే ఆ ఆర్గన్ వరస శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే వాళ్ళ బాంబే కాలింగ్ అనే పాట నుంచి పుట్టింది, అక్కడ అది వయొలిన్ మీద హడావిడిగా పోతుంది, వీళ్ళు దాన్ని నెమ్మదించి ఆర్గన్ మీదకి తెచ్చి వేరే లోకం చేసేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఒక వరస టెంపో తగ్గితే, సౌండ్ మారితే ఎంత మారిపోతుందో దానికన్నా మంచి పాఠం నాకు తెలీదు.

ఇవన్నీ అయ్యాక మేడ్ ఇన్ జపాన్. 1972 ఆగస్టులో ఒసాకాలో, టోక్యోలో చేసిన కచేరీల రికార్డింగ్ అది. అందులో స్పేస్ ట్రకిన్ ఒక్కటే దాదాపు 20 నిమిషాలు ఉంటుంది, స్టూడియోలో అయిదు నిమిషాల్లోపు పాట అది. ఆ మిగతా టైమంతా ఏం జరుగుతోందో గమనించండి, ఎవరు ఎవరికి సైగ ఇస్తున్నారు, ఆర్గన్ ఎక్కడ ఆగిపోతోంది, డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఎక్కడ పట్టుకుంటున్నాడు అని.

ఆయన చేతుల్లోకి ఆ వాయింపు ఎక్కడి నుంచి వచ్చింది

జాన్ లార్డ్ 1941 జూన్ 9న ఇంగ్లండ్‌లో లెస్టర్ ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పట్నుంచీ క్లాసికల్ పియానో నేర్చుకున్నాడు, జర్మన్ క్లాసికల్ సంగీతకారుడు బాఖ్ ఆయన వేళ్ళలో ఇంకిపోయాడు. తర్వాత జిమ్మీ స్మిత్ లాంటి అమెరికన్ జాజ్ ఆర్గన్ వాళ్ళని విన్నాడు, జెర్రీ లీ లూయిస్ పియానోని చితక్కొట్టడం విన్నాడు. యాక్టర్ అవుదామని లండన్ వచ్చి డ్రామా స్కూల్లో చదువుకుంటూనే రాత్రిళ్ళు పబ్బుల్లో, క్లబ్బుల్లో వాయించాడు. అంటే రాక్ స్టార్ కాకముందే ఒక చేతిలో బాఖ్, ఒక చేతిలో బ్లూస్ ఉన్నాయి.

మీకు ఇందులోంచి పనికొచ్చేది ఏంటంటే, ఒక్క రాక్ మాత్రమే వింటే రాక్ కూడా సరిగ్గా రాదు. మీకు కర్ణాటక సంగీతం తెలిసుంటే అదే మీ బాఖ్ అనుకోండి, చర్చిలో పాటలు వాయిస్తూ పెరిగితే ఆ హార్మొనీ మీ ఆస్తి, పెళ్ళి ఆర్కెస్ట్రాలో చూడకుండా సినిమా పాటలు వాయించే అలవాటుంటే మీ చెవి ఇప్పటికే సగం తయారైపోయినట్టే. దాన్ని పారేసి కొత్తగా మొదలుపెట్టాల్సిన పన్లేదు.

హైవే స్టార్ పాటలో ఆర్గన్ సోలో వినండి, పరుగులు తీసే ఆ ఆర్పెజియోల్లో (కార్డ్‌ని ఒక్కో నోట్‌గా విడగొట్టి వాయించడం) బాఖ్ పద్ధతి స్పష్టంగా తెలుస్తుంది. నేరుగా ఆ సోలో మీద పడకుండా ముందు ఈ ఎక్సర్‌సైజ్ చెయ్యండి (ఇది పాటలో నోట్స్ కాదు, అదే పద్ధతి): డి మైనర్, జి మైనర్, సి మేజర్, ఎఫ్ మేజర్, బి ఫ్లాట్ మేజర్, ఇ డిమినిష్డ్, ఏ మేజర్, మళ్ళీ డి మైనర్. ఒక్కో కార్డ్‌ని విడగొట్టి బీట్‌కి నాలుగు నోట్స్ చొప్పున కుడిచేత్తో పైకీ కిందకీ. మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టి మొదలెట్టండి, తప్పు లేకుండా వచ్చాకే పెంచండి. ఏ మేజర్ దగ్గరకి వచ్చేసరికి సి షార్ప్ తగులుతుంది కదా, అక్కడ డి నుంచి చూస్తే అది మన కీరవాణి రాగం స్వరాలే, కాబట్టి డి ని షడ్జమం చేసుకుని కీరవాణి ఆరోహణ అవరోహణ కూడా వాయిస్తూ ఉంటే ఆ సోలో మెదడులో ఇట్టే సర్దుకుంటుంది.

సౌండ్, ఇక్కడ ఓపిక కావాలి

ఆయన వాయించింది హామండ్ సి3 ఆర్గన్. హామండ్ ఆర్గన్ 1930ల్లో అమెరికాలో లారెన్స్ హామండ్ కనిపెట్టినది, చర్చిల్లో పైప్ ఆర్గన్ కొనే స్థోమత లేనివాళ్ళు కొనుక్కునేవాళ్ళు. లోపల పళ్ళచక్రాలు తిరుగుతూ ఉంటాయి, వాటి పక్కన ఉండే పికప్‌లలో కరెంట్ పుట్టి సౌండ్ అవుతుంది, అంటే సూత్రం ఎలక్ట్రిక్ గిటార్ పికప్ లాంటిదే. రెండు వరసల కీలు, ఒక్కో వరసలో 61, కింద కాళ్ళతో వాయించే బేస్ పెడల్స్. మొత్తం బరువు పెడల్స్‌తో కలిపి దాదాపు రెండు క్వింటాళ్ళు, దాన్ని ఊరూరా మోసుకెళ్ళారు.

ఇప్పుడు అది మన దగ్గర దొరకదు, దొరికినా మోసేవాళ్ళు లేరు, అక్కర్లేదు కూడా. మీ కీబోర్డ్‌లో ఆర్గన్ సెక్షన్‌కి వెళ్తే రాక్ ఆర్గన్ అనో డ్రాబార్ ఆర్గన్ అనో ఉంటుంది, అదీ సరిపోకపోతే ల్యాప్‌టాప్‌లో హామండ్ ప్లగిన్ వేసుకుని మిడి కేబుల్‌తో కలపండి, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే లేటెన్సీ బాధ, అంటే కీ నొక్కాక సౌండ్ ఆలస్యంగా రావడం, తగ్గుతుంది. ఏది వాడినా డ్రాబార్లు మాత్రం చేత్తో కదిపే వీలుండాలి.

డ్రాబార్లు అంటే బయటకి లాగే పుల్లలు, ఒక్కో సెట్‌కి తొమ్మిది, ఒక్కొక్కటి 0 నుంచి 8 దాకా లాగొచ్చు. కళ్ళకి భయపెడతాయి గానీ మన స్వరాల్లో చూసుకుంటే చాలా తేలిక. మీరు నొక్కిన కీని షడ్జమం అనుకోండి. మొదటిది, 16 అని రాసి ఉంటుంది, అది కింది స్థాయి షడ్జమం. రెండోది, 5⅓ అని ఉంటుంది, అది మీరు నొక్కినదాని పైన పంచమం. మూడోది, 8, మీరు నొక్కిన షడ్జమమే. నాలుగోది తారస్థాయి షడ్జమం, అయిదోది ఆ పైన పంచమం, అలా పైపైకి పోతాయి. ఇప్పుడు మొదటి మూడూ పూర్తిగా లాగి మిగతావి మూసెయ్యండి, అంటే 888000000. ఒక నోట్ నొక్కండి. గుండ్రంగా, బరువుగా, కొంచెం కోపంగా ఉన్నట్టు వస్తుంది, జాజ్‌లోనూ రాక్‌లోనూ అందరూ మొదలుపెట్టేది ఇక్కడే. ఆ నోట్ అలాగే నొక్కి పట్టి రెండో చేత్తో నాలుగో డ్రాబార్ మెల్లగా లాగండి, సౌండ్ కిటికీ తెరిచినట్టు విచ్చుకుంటుంది. చివరిది లాగితే గీసినట్టు పదునొస్తుంది. పాట పల్లవిలో మూడే ఉంచి, పై స్థాయికి వెళ్ళేకొద్దీ ఒక్కోటీ లాగుతూ పోవడం, ఇదంతా వాయిస్తూ ఎడం చేత్తో చెయ్యడం ప్రాక్టీస్ చెయ్యాలి.

పెర్కషన్ అని ఒక స్విచ్ ఉంటుంది. నోట్ మొదట్లో టక్ మని ఒక దెబ్బ వినపడుతుంది. ఒక చిక్కు ఏంటంటే, ముందు నోట్ వదలకుండా తర్వాతది నొక్కితే ఆ టక్ రాదు, వేళ్ళన్నీ పూర్తిగా లేపాలి. పెర్కషన్ పనిచెయ్యట్లేదని కంగారు పడేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. అలాగే అసలు హామండ్‌లో పెర్కషన్ ఆన్ చేస్తే చివరి డ్రాబార్ మూగబోతుంది, మంచి ప్లగిన్లు కూడా అలాగే చేస్తాయి, అది బగ్ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. హామండ్‌ని మామూలుగా లెస్లీ స్పీకర్‌తో వాయిస్తారు, అందులో హార్న్, డ్రమ్ గుండ్రంగా తిరుగుతూ ఉంటే సౌండ్ అలలు అలలుగా వస్తుంది. జాన్ లార్డ్ కూడా మొదట్లో అదే వాడాడు. కానీ పక్కన రిచీ బ్లాక్‌మోర్ గిటార్ మార్షల్ ఆంప్‌లోంచి హోరెత్తిస్తుంటే లెస్లీ దానికి చాలడం లేదు, అందుకని ఆర్గన్‌ని కూడా తిన్నగా మార్షల్ ఆంప్‌కే పెట్టేశాడు. అంతే, ఆర్గన్ గర్జించడం మొదలుపెట్టింది. గిటారిస్ట్‌ని వాల్యూమ్ తగ్గించమని అడగడం కాకుండా తన సౌండ్‌నే గిటార్ ఎత్తుకి తీసుకెళ్ళాడు, ఆయన కెరీర్ మొత్తం మీద నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అది.

మీరు చెయ్యాల్సింది: కీబోర్డ్ అవుట్‌లోంచి సౌండ్‌ని గరగరలాడించే ఒక గిటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి, అక్కడి నుంచి మిక్సర్‌కి. కీబోర్డ్ సిగ్నల్ గిటార్ కన్నా చాలా బలంగా ఉంటుంది కాబట్టి కీబోర్డ్ వాల్యూమ్ పావు వంతు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి, లేకపోతే తేనెటీగల గోల తప్ప ఏమీ వినపడదు. కీబోర్డ్‌లో ఉన్న రివర్బ్, కోరస్ ఆపెయ్యండి. రోటరీ ఎఫెక్ట్ (లెస్లీలా తిరిగే సౌండ్) కావాలంటే వరసలో మొదట డ్రైవ్ రావాలి, రోటరీ ఆ తర్వాత, ఎందుకంటే అసలు లెస్లీలో కూడా ఆంప్ దాటాకే తిరిగే స్పీకర్ ఉంటుంది. తిన్నగా మార్షల్ సౌండ్ కావాలంటే రోటరీ పూర్తిగా తీసేసి గిటార్ ఆంప్ సిమ్యులేషన్ ఒకటి పెట్టుకోండి.

డ్రైవ్ ఎక్కాక కార్డ్స్ మారాలి. క్లీన్ సౌండ్‌లో అందంగా ఉన్న మూడు నోట్స్ కార్డ్ డిస్టార్షన్‌లో బురద బురద అయిపోతుంది. రెండేసి నోట్స్ వాడండి. స్మోక్ ఆన్ ద వాటర్ రిఫ్ దీనికి మొదటి పాఠం, అదంతా రెండేసి నోట్సే: డి-జి, ఎఫ్-బి ఫ్లాట్, జి-సి, తర్వాత మళ్ళీ డి-జి, ఎఫ్-బి ఫ్లాట్, ఏ ఫ్లాట్-డి ఫ్లాట్, జి-సి, మళ్ళీ మొదటి మూడు, ఆ వెంటనే ఎఫ్-బి ఫ్లాట్, డి-జి. ప్రపంచమంతా దీన్ని గిటార్ రిఫ్ అనుకుంటుంది, కానీ రికార్డ్ జాగ్రత్తగా వినండి, గిటార్ మొదలుపెట్టిన తర్వాత ఆర్గన్ వచ్చి అదే రిఫ్ కలిపి వాయిస్తుంది, ఆ లావు అక్కడి నుంచే వచ్చింది.

కాలు, వేలు, అరచెయ్యి

పియానో నుంచి వచ్చినవాళ్ళకి ఆర్గన్‌లో రెండు విషయాలు కొత్త. కీ ఎంత గట్టిగా కొట్టినా సౌండ్ ఒకటే, పెద్దదవ్వదు చిన్నదవ్వదు. వదిలితే అక్కడే తెగిపోతుంది, సస్టెయిన్ పెడల్ లేదు. కాబట్టి సస్టెయిన్ పెడల్ తీసి పక్కన పెట్టెయ్యండి, దాన్ని తొక్కుతూ ఆర్గన్ వాయిస్తే ఆర్గన్‌లా ఉండదు. నోట్ కలపడానికి వేలు మార్చుకోవడం నేర్చుకోవాలి: కీ నొక్కే ఉంచి, వదలకుండా, మూడో వేలు స్థానంలో బొటనవేలు తెచ్చుకోవడం. నెమ్మదిగా ఒక భజన వరసో చర్చి పాటో తీసుకుని ఒక్క చోట కూడా గాలి దూరకుండా వాయించండి, అంతకు మించిన ఎక్సర్‌సైజ్ లేదు.

సౌండ్ పెంచడం తగ్గించడం అంతా కుడికాలి కింద ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తోనే. ఇది కొనుక్కోండి, వేరే ఏం కొనకపోయినా పర్లేదు. సగం తొక్కి ఉంచి వాయిస్తూ, గాయకుడు ఊపిరి తీసుకునే చోట కొంచెం ముందుకి, మళ్ళీ పాట అందుకోగానే వెనక్కి. సోలో వచ్చినప్పుడు పూర్తిగా తొక్కడానికి మీ దగ్గర ఇంకా సగం మిగిలి ఉండాలి, మొదట్నుంచీ మొత్తం తొక్కేస్తే సోలోకి వెళ్ళే చోటుండదు.

లెస్లీ వాడితే స్లో, ఫాస్ట్ అని రెండు వేగాలు. మారగానే టక్కున మారదు, మెల్లగా ఊపందుకుంటుంది, ఆ ఊపందుకునే సెకనే దాని అందం. ఒక పొడుగు నోట్ పట్టి, దాని మధ్యలో ఫాస్ట్‌కి మార్చండి, లైన్ అయిపోగానే స్లో. ఎప్పుడూ ఫాస్ట్‌లోనే వదిలేస్తే కాసేపటికి చెవి పోతుంది.

ఇక గ్లిస్, అంటే కీల మీద జారడం. హామండ్ కీల అంచులు నున్నగా ఉంటాయి కాబట్టి అరచేత్తో తుడిచినట్టు పై నుంచి కిందకి లాగొచ్చు. మామూలు కీబోర్డ్ మీద కుదురుతుంది, బరువు కీల డిజిటల్ పియానో మీద మాత్రం వద్దు, చర్మం లేచిపోతుంది. వేళ్ళతో కాదు, అరచేతి మడమ దగ్గర కండ ఉన్న చోటుతో, చెయ్యి వదులుగా పెట్టి. సరిగ్గా బీట్ మీద ఆగడమే ఇందులో కష్టం, జారడం కాదు.

బ్యాండ్‌లో ఎలా మెలగాలి

మొదటి నియమం ఎడం చెయ్యి. బేస్ గిటార్ ఉన్న బ్యాండ్‌లో కింది రెండు ఆక్టేవ్‌ల జోలికి పోవద్దు, ఆ చోటు బేస్ ప్లేయర్‌ది. ఇంట్లో ఒక్కళ్ళే వాయించే అలవాటు వల్ల ఎడం చెయ్యి దానంతటదే రూట్ నోట్ కొట్టేస్తూ ఉంటుంది, దాన్ని మాన్పించడానికి కొన్ని వారాలు పడుతుంది. అదే బేస్ ప్లేయర్ లేని బ్యాండ్ అయితే కథ వేరు, ద డోర్స్ బ్యాండ్‌లో రే మంజారెక్ స్టేజ్ మీద ఎడం చేత్తో కీబోర్డ్ బేస్, కుడిచేత్తో ఆర్గన్ వాయించాడు. మీ బ్యాండ్ ఏ రకమో చూసుకుని ఎడం చేతికి పని పెట్టండి.

రెండోది గిటారిస్ట్‌తో సంబంధం. బ్లాక్‌మోర్, లార్డ్ ఇద్దరూ స్టేజ్ మీద ఒకళ్ళ లైన్‌కి ఒకళ్ళు జవాబిచ్చుకునేవాళ్ళు, మన జుగల్‌బందీలో సవాల్ జవాబ్ లాగా. ఇది రిహార్సల్‌లో ప్రాక్టీస్ చేయదగ్గ పని. గిటారిస్ట్ నాలుగు బార్లు (తాళం ఆవృత్తాలు) వాయించాలి, మీరు ఆ చివరి మూడు నోట్స్ పట్టుకుని నాలుగు బార్లు తిరిగివ్వాలి, తర్వాత రెండు బార్లు, తర్వాత ఒకటి. కాపీ కొట్టడం కాదు, ఆయన ఆపిన చోట మొదలుపెట్టడం. ఆయన వాయిస్తున్నప్పుడు మీరు చెయ్యాల్సింది ఒక్క నోట్ పట్టుకుని ఉండడం, లేదా పూర్తిగా చేతులు తీసెయ్యడం. చేతులు తీసెయ్యడానికి ధైర్యం కావాలి, కానీ మీరు తిరిగి వచ్చినప్పుడు జనానికి తెలియాలంటే ముందు వెళ్ళి ఉండాలి కదా.

1978 నుంచి 84 దాకా లార్డ్ వైట్‌స్నేక్ అనే బ్యాండ్‌లో ఉన్నాడు. అక్కడ ఇద్దరు గిటారిస్టులు, మొదట్లో మిక్కీ మూడీ, బెర్నీ మార్స్‌డెన్, కాబట్టి ఆర్గన్‌కి చోటు తక్కువ, ఎక్కువగా వెనక రంగులద్దే పనే. అంతటి మనిషి కూడా ఆ పని ఏళ్ళ తరబడి చేశాడని గుర్తుపెట్టుకోండి, ప్రతి బ్యాండ్‌లో ప్రతి పాటలో ముందుకొచ్చి వాయించే చోటు ఉండదు. కానీ 1984లో డీప్ పర్పుల్ మళ్ళీ కలిసినప్పుడు పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్ పాట తెరుచుకునేది ఆర్గన్‌తోనే, ఆ మొదటి సెకన్లు వింటే ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడా అనిపిస్తుంది.

ఇంకొకటి, రికార్డింగ్ గురించి. మెషీన్ హెడ్ కోసం వాళ్ళు 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లో మాంట్రూ వెళ్ళారు, అక్కడి కాసినోలో రికార్డ్ చేద్దామని. డిసెంబర్ 4న ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, కాసినో మొత్తం కాలిపోయింది, ఆ పొగే స్మోక్ ఆన్ ద వాటర్ పాట అయింది. చివరికి చలికాలం మూసేసిన గ్రాండ్ హోటల్‌లో, కారిడార్లలో పరుపులు అడ్డం పెట్టుకుని, బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో ట్రక్ నిలబెట్టి రికార్డ్ చేశారు. ట్రక్ దాకా వెళ్ళి విని రావడం పెద్ద ప్రయాణం అయ్యేసరికి టేక్ టేక్‌కీ వెళ్ళి వినడం మానేసి, వాయించింది బాగా అనిపించే దాకా వాయించారు. మీరు కూడా ఇంట్లో రికార్డ్ చేసేటప్పుడు రెండు బార్లకోసారి ఆపి వెనక్కి వినడం మానండి. పాట మొదట్నుంచి చివరి దాకా మూడుసార్లు వాయించండి, తర్వాత వినండి.

బతుకుతెరువు, పేరు, ఎదురుచూపు

ఆయన డీప్ పర్పుల్ ముందు 1964 నుంచి 67 దాకా ది ఆర్ట్‌వుడ్స్ అనే బ్యాండ్‌లో వాయించాడు, ఎక్కడ పడితే అక్కడ కచేరీలు చేశారు, పెద్ద హిట్ ఒక్కటీ రాలేదు. 1968లో డీప్ పర్పుల్ మొదలయ్యే సరికి ఆయనకి 26 దాటాయి. వాళ్ళ హష్ పాట అమెరికా చార్టుల్లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. కాబట్టి మొదటి బ్యాండ్‌తోనే తేలిపోవాలని కూర్చోకండి, మొదటి బ్యాండ్ మీకు చేతులు తయారుచేసి పెడుతుంది.

మన దగ్గర ఒక్క రాక్ బ్యాండ్ మీదే ఇల్లు గడవడం కష్టం, అది నిజం, అందుకే సెషన్లు, అంటే వేరేవాళ్ళ రికార్డింగ్‌లకి డబ్బులు తీసుకుని వాయించడం, కూడా చెయ్యండి, సిగ్గుపడొద్దు. ఏఆర్ రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు మన రమేష్ నాయుడు, రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించాడు, అదే రోజుల్లో చెన్నైలో నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండ్‌లోనూ ఉన్నాడు. మణిశర్మ కీరవాణి దగ్గర కీబోర్డ్ వాయించి వచ్చినాయనే. సెషన్‌లో పని వేగంగా వస్తుంది, చెవి పదునెక్కుతుంది, డబ్బులొస్తాయి. బ్యాండ్‌లో మీ గొంతు మీకు దొరుకుతుంది. రెండూ కావాలి.

డబ్బుల మాటొచ్చింది కాబట్టి, పాట రాసినప్పుడు క్రెడిట్ ఎవరికన్నది రిలీజ్ అయ్యాక కాదు, ముందే కాగితం మీద పెట్టుకోండి. డీప్ పర్పుల్ ఇన్ రాక్, మెషీన్ హెడ్ పాటలకి అయిదుగురి పేర్లూ సమానంగా ఉంటాయి. కీబోర్డ్ వాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మనం ఇచ్చేది తరచూ కార్డ్స్, ఇంట్రో, బ్రిడ్జ్, ఇవన్నీ పాటకి ప్రాణం పోస్తాయి గానీ పేరు దగ్గరకొచ్చేసరికి "అరేంజ్‌మెంట్" అని పక్కన పెట్టేస్తారు.

1969లో మేనేజర్ టోనీ ఎడ్వర్డ్స్ లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ బుక్ చేసేశాడు, ఆర్కెస్ట్రాతో కలిపి బ్యాండ్‌కి ఒక కచేరీ రాయమని లార్డ్‌కి చెప్పాడు. అప్పటికి ఇంకా రాయనేలేదు. బ్యాండ్ షోలు చేస్తూనే రాత్రిళ్ళు కూర్చుని కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా రాశాడు, సెప్టెంబర్ 24న రాయల్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రాతో మాల్కం ఆర్నాల్డ్ కండక్ట్ చేస్తుండగా వాయించారు. రిహార్సల్‌లో ఆర్కెస్ట్రా వాళ్ళు కొందరు మనసు పెట్టకపోతే ఆర్నాల్డే వాళ్ళని గట్టిగా మందలించాడు. లార్డ్‌కి అప్పుడు 28 ఏళ్ళు. అయితే బ్యాండ్‌లో బ్లాక్‌మోర్‌కి ఈ దారి నచ్చలేదు, ఆర్కెస్ట్రాతో వాయించే బ్యాండ్ అన్న ముద్ర వద్దనుకున్నాడు, ఆ తర్వాతి ఆల్బమే గట్టి రాక్‌గా వచ్చిన ఇన్ రాక్. లార్డ్ అలిగి వెళ్ళిపోలేదు, ఆ రాక్ లోపల తన బాఖ్‌ని పెట్టుకున్నాడు, ఆర్కెస్ట్రా రాతల్ని విడిగా తన సొంత ఆల్బమ్స్‌కి దాచుకున్నాడు. బ్యాండ్‌లో అందరి ఇష్టం ఒకటి కానప్పుడు ఇది మంచి పద్ధతి, మీ సొంత పనికి వేరే ఫోల్డర్, వేరే టైమ్ పెట్టుకోండి, ప్రతి రిహార్సల్‌లో దానికోసం కొట్లాడకండి.

2002లో తిరిగే ఓపిక తగ్గి, సంగీతం రాసుకోవాలని డీప్ పర్పుల్ వదిలేశాడు, ఆ చోటులోకి డాన్ ఎయిరీ వచ్చాడు. తర్వాత డరమ్ యూనివర్సిటీ వాళ్ళ 175వ ఏడాది కోసం డరమ్ కన్సర్టో రాశాడు, 2007లో అది వినిపించారు. 2012 జూలై 16న 71 ఏళ్ళ వయసులో చనిపోయాడు, అప్పటికి క్యాన్సర్‌తో పోరాడుతున్నాడు. 2016లో బ్యాండ్‌తో పాటు ఆయన పేరు కూడా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

రాసి పెట్టుకోవడం

ఆ కన్సర్టో అసలు స్కోర్ తర్వాత పోయింది, ఎక్కడికి పోయిందో దొరకలేదు. 1999లో మళ్ళీ ఆల్బర్ట్ హాల్‌లో వాయించాలనుకున్నప్పుడు మార్కో డి గూయ్ అనే డచ్ సంగీతకారుడు పాత రికార్డింగ్ వింటూ, వీడియో చూస్తూ ఒక్కో వాయిద్యం నోట్స్ తిరిగి రాశాడు, దాన్ని లార్డ్‌తో కలిసి సరిచేసుకుని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించారు. రికార్డింగ్ ఉంది కాబట్టి సరిపోయింది.

మీ దగ్గర ఏది ఎంత చిన్నదైనా రాసుకోండి. ప్రతి పాటకి ఒక పేజీ: స్కేల్, టెంపో, పల్లవిలో డ్రాబార్ నంబర్లు, సోలోలో డ్రాబార్ నంబర్లు, పెర్కషన్ ఆన్ ఆ ఆఫ్ ఆ, పెడల్ మీద డ్రైవ్ నాబ్ ఎక్కడుంది (ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు), లెస్లీ ఎక్కడ మారాలి, ఎక్కడ చేతులు తీసెయ్యాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ వాడితే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, తర్వాతి పాటకి దాన్ని సున్నాకి తెచ్చుకోవాలి. కీబోర్డ్‌లో సేవ్ చేసిన ప్యాచ్‌లు (సౌండ్ సెట్టింగులు) పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒక కాపీ. రిహార్సల్‌ని మొదట్నుంచి చివరి దాకా ఫోన్‌లో రికార్డ్ చేసి తేదీ వేసి దాచండి, సోలోలో అనుకోకుండా వచ్చిన మంచి వరస మళ్ళీ కావాలంటే అందులోనే దొరుకుతుంది.